కొయ్యశిల్పి నకాషిమా

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాసులకు గోలకొండ యనగా పట్టణమునకు పడమటనున్న కోటయే. ఆ పేరుగల సౌధమొకటి పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమున గలదు. దివాను సర్ అక్బర్ హైదరీ పూనికవలన నిజాము ప్రభుత్వము లక్ష రూపాయలు విరాళమొసగెను. ఆ కృతజ్ఞతచే భవనమునకు గోలకొండ పేరు పెట్టిరి. టోకియోలో పనిచేయుచుండిన ఆంటొనిన్ రేమండ్ దానికి నమూనా గీసెను. 1937లో ఆయన పక్షమున పని నడుపుటకు వచ్చిన యువకుడే జార్జి నకాషిమా.

ఇతడు 1905 మే 24న అమెరికాలోని స్పోకేన్ పట్టణమున జపాను దంపతులకు జన్మించెను. తొలుత అటవీశాస్త్రమును, పిదప భవననిర్మాణశాస్త్రమును అభ్యసించెను. పుదుచ్చేరిలో జీతము వదలుకొని ఆశ్రమవాసులలో నొకడయ్యెను. అరవిందులు సుందరానందుడని పేరిడిరి. 1939లో అచటినుండి వెడలిపోయెను.

1941 డిసెంబరులో జపాను పెరల్ హార్బరుపై దాడి చేసెను. అమెరికా ప్రభుత్వము పడమటి తీరమునందలి జపాను సంతతివారిని, తన పౌరులని కూడ చూడక, నిర్బంధ శిబిరములకు తరలించెను. 1942లో నకాషిమా భార్యతోను పసిబిడ్డతోను మినిడోకా శిబిరము చేరెను. పుట్టిన దేశమే ఖైదు చేసిన యెడల మనిషి యెవరితో మొరపెట్టుకొనును? అతడు ఉలి పట్టెను. సాటి ఖైదీ గెంటారో హికోగావా జపాను పద్ధతి నెఱిగిన వడ్రంగి. మన వడ్రంగి చిత్రికను ముందుకు త్రోయును. జపాను వడ్రంగి తనవైపునకు లాగును. ఒక కొయ్య కొసను చెక్కి, మేకు లేకుండ వేఱొక కొయ్య తొలికలో బిగించు నేర్పును ఆ గురువు చెంత, మిగులు చెక్కముక్కలతోనే అతడు సాధించెను.

1943లో రేమండ్ పూచీపడి విడిపించి, పెన్సిల్వేనియాలోని తన పొలమునకు రప్పించెను. ఆ దాపుననే, న్యూహోపులో, నకాషిమా కార్ఖానా నెలకొల్పెను. పగిలిన పలకలను తక్కినవారు పారవేయుదురు. ఇతడు పగులు దాచక, దానికడ్డముగా డమరుకమువలె నడుము సన్నగిలిన కొయ్యబిళ్ల పొదిగి, అది మఱి సాగకుండ నిలిపెడివాడు. అక్రోటు మ్రాను అంచు వంకరను సైతము కోసి చక్కజేయక, బల్లకు సొగసుగా నుంచెడివాడు. కోసినది తెగిపోయినట్లే గదా. ఏ పలక నెచట కోయవలెనో తేల్చుకొనుటకు చాలకాలము పట్టెడిదట.

1964లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకై సామగ్రి రూపొందించెను. ఖండమునకొక శాంతిపీఠము నిర్మింపవలెనని సంకల్పించి, 1986లో మొదటిదానిని న్యూయార్కులోని యొక ప్రార్థనామందిరమున నిలిపెను. 1990 జూను 15న మరణించెను. ఆసియాకై యుద్దేశించిన పీఠము 1996లో, తాను సుందరానందుడైన పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్‌కు చేరెను.