గుర్రాల డాక్టర్ ఆర్నాల్డ్ థైలర్

పాము కరిచినప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు ఇవాళ్టికీ గుర్రం రక్తం నుంచే తయారవుతుందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని ఒంట్లో విరుగుడు పుడుతుంది. తర్వాత రక్తం తీసి సీరమ్ వేరుచేస్తారు. ఇలాంటి పద్ధతినే గుర్రాల ప్రాణాలు కాపాడటానికి వాడి, దాని మేలూ కీడూ రెండూ చూసినవారు సర్ ఆర్నాల్డ్ థైలర్.

ఆయన 1867లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిక్‌లో పుట్టారు. పశువైద్యం చదివి 1891లో దక్షిణాఫ్రికా వెళ్లారు. ప్రిటోరియా దగ్గర ఒక ఫారంలో పనిచేస్తుండగా గడ్డి కత్తిరించే మెషీన్‌లో పడి ఎడమచెయ్యి పోయింది. పశువైద్యుడికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా పని మానలేదు. 1893లో జొహానెస్‌బర్గ్ ప్రాంతంలో మశూచి వస్తే టీకా మందు తయారుచేసి ఇచ్చారు. దాంతో ప్రభుత్వం దృష్టిలో పడి, తర్వాత ప్రభుత్వ పశువైద్యుడయ్యారు.

అక్కడి రైతుల్ని ఏడిపించిన జబ్బు ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్. 1854-55లో ఒక్క కేప్ ప్రాంతంలోనే సుమారు 70,000 గుర్రాలు పోయాయి. ఈ వైరస్ వల్ల సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని ద్రవం బయటికి కారుతుంది. ఊపిరితిత్తులు నీటితో నిండి, ముక్కుల్లోంచి నురుగు వస్తుంది. జబ్బుపడి బతికిన గుర్రానికి సంతలో ఎక్కువ ధర పలికేది, మళ్లీ రాదన్న నమ్మకంతో. ఆ నమ్మకం సగమే నిజమని థైలర్ తేల్చారు. వైరస్‌లో రకాలున్నాయి, ఒక రకాన్ని తట్టుకున్న గుర్రం ఇంకో రకానికి పడిపోవచ్చు. ఇప్పుడు తొమ్మిది రకాలు గుర్తించారు.

బతికి బట్టకట్టిన గుర్రాల సీరమ్‌నూ, జబ్బు గుర్రం రక్తంలోని వైరస్‌నూ కలిపి ఇవ్వడం ఆయన పద్ధతి. కంచర గాడిదల్లో బాగా పనిచేసింది. 1908లో ప్రిటోరియా దగ్గర ఆయన ఆధ్వర్యంలో ఆండర్‌స్టెపోర్ట్ పరిశోధనాలయం మొదలైంది. 1914లో సర్ బిరుదు వచ్చింది.

అంత పేరు వచ్చాక 1918లో అసలు పరీక్ష ఎదురైంది. సూదిమందు తీసుకున్న గుర్రాల్లో కొన్నింటికి వారాలు, నెలలు గడిచాక కామెర్లు వచ్చాయి. కాలేయం పాడై, మతి తప్పినట్టు తిరిగి చనిపోయాయి. తన మందు వెనకాలే చావు వస్తోందని కనిపించినప్పుడు ఎవరైనా సర్దిచెప్పుకోవచ్చు. థైలర్ ఆ జబ్బును వివరంగా రాసి అచ్చువేయించారు. నా దృష్టిలో సర్ బిరుదు కన్నా ఇదే పెద్దది. ఆ జబ్బును ఇప్పటికీ థైలర్స్ డిసీజ్ అనే పిలుస్తారు. సీరమ్ ఇచ్చిన గుర్రం రక్తంలో చడీచప్పుడూ లేకుండా ఉండే ఒక పార్వోవైరస్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 2018లో, అంటే వందేళ్ల తర్వాత బయటపడింది.

ఆయన చిన్న కొడుకు మ్యాక్స్ కూడా వైరస్‌ల వెంటే పడ్డాడు. డాక్టరేటు పట్టా లేకుండానే ఎల్లో ఫీవర్ టీకాకు 1951లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. వైరస్‌ను ఎలుకల మెదడులో పెంచుతూ మెత్తబరచడం అతని పరిశోధనలో ముఖ్యమైన మెట్టు. 1930లలో ఆండర్‌స్టెపోర్ట్‌లో రేమండ్ అలెగ్జాండర్ అదే దారిలో గుర్రాల జబ్బుకు టీకా తయారుచేశారు. అప్పటికి తండ్రి ఉద్యోగం నుంచి రిటైరై ఉన్నారు. 1936లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు.