బడిపంతులు రహీం సాహెబు

1956 వరకు మన నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో అంతర్భాగం. ఆ రాష్ట్ర రాజధానిలోనే 1909 ఆగస్టు 17న సయ్యద్ అబ్దుల్ రహీం జన్మించారు. సిటీ కళాశాల విద్యార్థిగా ఫుట్‌బాల్ ఆడి, పట్టభద్రుడై, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి బాధ్యతను స్వీకరించి, తుదిశ్వాస వరకు నిర్వహించారు.

వాటం లేని కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలను పిల్లలకు పెట్టేవారు. పేద యువకుడు తులసీదాస్ బలరాం సాధనకు రావడానికి సైకిలు అద్దె తామే ఇచ్చారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆయన క్రుంగిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగవ స్థానానికి చేర్చారు.

క్యాన్సర్ పీడిస్తున్నా 1962లో జట్టుతో జకార్తా వెళ్లారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ స్వర్ణం మనకు మరల దక్కలేదు. అటువంటి గురువు మన పల్లె బడి మైదానానికీ కావాలి.