విహంగ మిత్రుడు సలీం అలీ

పక్షులను చూడాలంటే అడవులకే వెళ్ళాలని చాలామంది భావిస్తారు. జనసమ్మర్దంతో కిటకిటలాడే మహానగరంలో కూడా చెట్లకొమ్మల మీద, చెరువుగట్ల మీద, సముద్రతీరపు బురదనేలల్లో ఎన్నో జాతుల పక్షులు జీవిస్తూనే ఉంటాయి. వాటిని గమనించే కన్ను, ఓపికగా నిరీక్షించే మనస్సు ఉంటే చాలు. ఆ రెండింటినీ సొంతం చేసుకొని, భారతదేశపు పక్షుల గురించి లోకానికి తెలియజెప్పిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన, నేడు ముంబైగా పిలువబడుతున్న బొంబాయి నగరంలో జన్మించారు. పెద్ద కుటుంబంలో ఆయన చివరి సంతానం. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ళ ప్రాయంలో తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను కన్నబిడ్డలవలె పెంచారు. మేనమామ మంచి వేటగాడు. ఆయన ఇచ్చిన గాలితుపాకితో పిచ్చుకలను కొట్టడం బాలుడైన సలీంకు వినోదంగా ఉండేది.

ఆయనకు పదేళ్ళ ప్రాయంలో ఒక సంఘటన జరిగింది. తుపాకిగుండుకు నేలకూలిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అటువంటి పిచ్చుకను అతడు అంతవరకు చూడలేదు. మేనమామకూ అదేమిటో తెలియలేదు. ఆయన ఒక పరిచయ లేఖ ఇచ్చి మేనల్లుణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. 1883లో స్థాపింపబడిన ఆ సంఘానికి అప్పుడు మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు కార్యదర్శి. ఆయన ఆ బాలుణ్ణి ఆదరంగా కూర్చోబెట్టుకొని, అది పసుపు గొంతు పిచ్చుక అని వివరించారు. అరలు తెరిచి, అక్కడ భద్రపరచిన వందలాది పక్షుల నమూనాలను చూపించారు. తాను చంపిన పక్షి పేరు తెలుసుకోవడానికి వెళ్ళిన బాలుడు, పక్షుల జీవితాలను తెలుసుకోవాలన్న కోరికతో తిరిగి వచ్చాడు.

అయితే ఆ కోరిక తీరే మార్గం సుగమంగా లేదు. చదువు సక్రమంగా సాగలేదు. కుటుంబ వ్యాపారాలు చూసుకోవడానికి 1914లో బర్మా వెళ్ళారు. అక్కడ వ్యాపారం కంటె అడవులలోని పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్య విద్యతోపాటు జంతుశాస్త్రాన్ని అభ్యసించారు. 1918లో తెహ్మీనా బేగంతో ఆయనకు వివాహం జరిగింది. విశ్వవిద్యాలయ పట్టా లేని కారణంగా భారత జంతుశాస్త్ర సర్వే సంస్థలో ఆయనకు ఉద్యోగం దొరకలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, సందర్శకులకు ప్రకృతి విభాగాన్ని వివరించే ఉద్యోగం లభించింది. తన జ్ఞానం చాలదని గ్రహించి, సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొందారు.

1930లో ఎంతో ఉత్సాహంతో స్వదేశానికి వచ్చేసరికి ఆయన ఉద్యోగమే లేదు. నిధులు లేవన్న కారణంతో దానిని రద్దు చేశారు. బొంబాయిలో కాపురం భారమైంది. దంపతులు నగరానికి సమీపంలో, సముద్రపు పాయకు ఆవలి తీరాన ఉన్న కిహిమ్ అనే పల్లెకు మకాం మార్చారు. అక్కడ ఇంటి దగ్గరి చెట్లకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకొని ఉన్నాయి. తెలుగు పల్లెల్లో ఈతచెట్లకు, బావులపైకి వంగిన తుమ్మకొమ్మలకు వేలాడుతూ కనిపించే గూళ్ళే అవి. అందరూ చూసినవే, కాని ఎవరూ అంత శ్రద్ధగా పరిశీలించనివి. సలీం అలీ మాటున కూర్చొని, నెలల తరబడి వాటిని గమనించారు.

ఆ నిరీక్షణ ఫలించింది. సగంలో ఆగిపోయిన గూళ్ళు మగపక్షి విశ్రాంతి కోసం కట్టుకున్నవని అంతకుముందు భావించేవారు. నిజానికి మగపక్షి గూటిని సగం వరకు అల్లి, ఆడపక్షి రాక కోసం ఎదురుచూస్తుంది. ఆడపక్షి వచ్చి గూటిని పరీక్షించి, నచ్చితేనే అందులో చేరుతుంది. అప్పుడు మగపక్షి గూటిని పూర్తిచేస్తుంది. ఆ తరువాత మరొక గూటికి శ్రీకారం చుట్టి, మరొక ఆడపక్షిని ఆహ్వానిస్తుంది. ఎవరికీ నచ్చని గూళ్ళు అసంపూర్తిగా మిగిలిపోతాయి. ఈ విశేషాలతో 1931లో వెలువడిన వ్యాసం సలీం అలీకి శాస్త్రజ్ఞుల లోకంలో గుర్తింపు తెచ్చింది. ఉద్యోగం పోయిన కాలమే ఆయన జీవితంలో సార్థకమైన కాలమయింది.

అనంతరం ఆయన తన సేవలను సంస్థానాలకు అందించదలచారు. తనకు జీతం అవసరం లేదనీ, ప్రయాణానికీ విడిదికీ అయ్యే ఖర్చు భరిస్తే చాలుననీ తెలియజేశారు. ఆ విధంగా 1931, 1932 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. నేటి తెలంగాణ ప్రాంతపు పక్షుల గురించి అది విలువైన ఆధారం. సర్వే యాత్రలలో తెహ్మీనా ఆయనకు తోడునీడగా నిలిచారు. 1939లో శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించడం ఆయనకు తీరని దెబ్బ. ఆ దుఃఖాన్ని దిగమింగి ఆయన తన పనిలోనే నిమగ్నులయ్యారు.

1941లో ఆయన రచించిన భారతీయ పక్షుల గ్రంథం వెలువడింది. సామాన్యుడు సైతం పుస్తకం చేతబట్టుకొని, తన పెరట్లో వాలిన పిట్టను గుర్తించే అవకాశం దానితో కలిగింది. నెహ్రూ ఆ గ్రంథాన్ని తన కుమార్తె ఇందిరకు కానుకగా ఇచ్చారు. 1968 నుండి 1974 వరకు డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల బృహద్గ్రంథాన్ని వెలువరించారు. భరత్‌పూర్ పక్షుల ఆవాసాన్నీ, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవినీ కాపాడడానికి కృషి చేశారు. 1976లో పద్మవిభూషణ్ పురస్కారాన్ని అందుకున్నారు. అదే ఏడాది అంతర్జాతీయ బహుమతిగా లభించిన 50,000 డాలర్లను, తనకు బాల్యంలో దారి చూపిన బొంబాయి సంఘానికే అర్పించారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

అంతరించిపోయిందని భావించిన కలివికోడిని 1986లో ఆ సంఘ పరిశోధకులు స్థానికుల సాయంతో కడప జిల్లాలో తిరిగి కనుగొన్నారు. అప్పటికి సలీం అలీకి తొంభై ఏళ్ళు నిండవస్తున్నాయి. 1987 జూన్ 20వ తేదీన ఆయన బొంబాయిలో కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరిట పక్షిశాస్త్ర పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆయన పుట్టిపెరిగిన నగరం ఎంత విస్తరించినా, అక్కడి ఠాణే సముద్రపు పాయకు ఫ్లెమింగోలు వేలసంఖ్యలో వస్తున్నాయి. ఆ పాయ ప్రాంతాన్ని 2015లో అభయారణ్యంగా ప్రకటించారు. పిచ్చుకను కొట్టడానికి ఎత్తిన తుపాకి స్థానంలో చూసే కన్నును నిలిపిన జీవితం సలీం అలీది. ఇంటి ముందరి చెట్టును కాసేపు నిశ్శబ్దంగా పరికించే ప్రతివారూ ఆయన అడుగుజాడలలో నడిచినవారే.