మా నాయన జ్వరం – మన సుబ్బారావుగారు

చంద్రగిరి కోట కనిపించే మా చేలో రెండేళ్ల క్రిందట చెనక్కాయలు పెరికే రోజుల్లో మా నాయనకు జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. చివరకు ఒక డాక్టరుగారు చొక్కా విప్పించి చూస్తే చంకలో బీడీతో కాల్చినట్టు నల్లటి మచ్చ! పొదల్లో ఉండే, కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ అట. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఏడు రోజులు అని రాసిచ్చారు. రెండో రోజుకే జ్వరం దిగింది. ఆ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోయిన నాకు మన తెలుగువాడే ఎదురయ్యాడు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలో కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోతే, తల్లి వెంకమ్మగారు వెనక్కి తెప్పించారట. మెట్రిక్యులేషన్ మూడో దండయాత్రలో గానీ గట్టెక్కలేదు (సెప్టెంబరు మిత్రులు గమనించగలరు!). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ దెబ్బే ఆయన్ను సముద్రం దాటించిందని నాకనిపిస్తుంది.

1922లో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడిగే నౌకరీ. ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి బయోకెమిస్ట్రీ వాళ్లకు తెలిసిందే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు పనికొచ్చిన మందది. అన్నదమ్ములకు మాత్రం అందలేదు.

ఆ విభాగంలోనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ ఊరూరి మట్టి తెప్పించి పరీక్షిస్తూ ఉండేవాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు గడ్డి చేని మట్టిలో 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. రైతు బిడ్డను కాబట్టి ఈ ముక్క చదివి పొంగిపోయాను! దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ జాతి జ్వరాలకు కూడా ఇది పనిచేసింది. 1948లో లోకానికి ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే పోయారు. వయసు 53. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు, ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనే లేదు. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత పుట్టింది, 1967లో బజారుకొచ్చింది.

ఈ మందులకు ఒక గుణం ఉంది. కాల్షియం ఎక్కడ కనబడితే అక్కడ అంటుకుంటాయి. అందుకే టెట్రాసైక్లిన్‌ను పాలు, పెరుగుతో మింగితే ఒంటికి పట్టదు. డాక్సీసైక్లిన్‌కు ఆ బెడద తక్కువ. ఐరన్ మాత్రలు, కడుపుమంట మందులు మాత్రం రెంటికీ పడవు. అదే గుణం ఎదిగే పంటిలో ముద్ర వేస్తుంది. మా చిన్నత్త ఈనాటికీ నవ్వితే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. నీళ్లలో ఫ్లోరైడని ఊళ్లో అనుకుంటారు గానీ, పసితనంలో దగ్గినప్పుడల్లా టెట్రాసైక్లిన్ క్యాప్సూలు విప్పి తేనెలో నాకించేవారని జేజి చెప్పింది. నాకు మాత్రం అనుమానం దాని మీదనే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు టెట్రాసైక్లిన్ వద్దనేది ఇందుకే. స్క్రబ్ టైఫస్ ప్రాణం మీదికి తెస్తే పిల్లలకైనా డాక్సీసైక్లిన్ కొద్ది రోజులు ఇస్తారు, అది డాక్టరు తేల్చవలసిన లెక్క. గడువు తీరిన టెట్రాసైక్లిన్ మూత్రపిండాలను చెరిపిన సందర్భాలున్నాయి. ఎండకు చర్మం కమిలిపోతుంది, అది మా నాయన వినలేదు.

నాలుగో రోజే ఆయన పార భుజాన వేసుకుని, జ్వరం పోయె కదా, ఇంకెందుకురా మాత్రలు అన్నాడు. ఈ మందు సూక్ష్మజీవిని చంపదు, మాంసకృత్తులు తయారుచేసుకోనీయక ఎదుగుదల నిలిపేస్తుందంతే, మిగిలిన కలుపు ఒళ్లే ఏరుకోవాలి నాయనా, సగంలో వదిలితే మళ్లీ మొలుస్తుంది అన్నాను. కలుపు మాట వినగానే పార దించాడు. పడుకుని మింగితే గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుందని నిటారుగా కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లిచ్చాను. ఏడో రోజు రాత్రి పద్నాలుగో మాత్ర నా ఎదుటే మింగి, ఖాళీ అట్ట నా చేతిలో పెట్టాడు.