పాతబడితే తగ్గే రూపాయి: జగత్ సేఠ్ ఫతే చంద్ జీవితం

పాత వెండి నాణేలను నేడు సేకర్తలు ముఖవిలువకు ఎన్నో రెట్లు చెల్లించి కొంటున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు బెంగాల్‌లో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ రూపాయి పాతబడే కొద్దీ విలువ తగ్గేది. ఆ తగ్గుదలనే వ్యాపారంగా మలిచి, నవాబుల సింహాసనాలను కదిలించగల స్థాయికి ఎదిగిన షరాబు జగత్ సేఠ్ ఫతే చంద్.

ఆ కుటుంబానిది మార్వాడ్‌లోని నాగౌర్. హీరానంద్ సాహు 1652లో పాట్నాకు వలస వచ్చారు. ఆయన కుమారుడు మాణిక్ చంద్ ఢాకాలో వ్యాపారం సాగించి, దివాన్ ముర్షిద్ కులీ ఖాన్ వెంట ముర్షిదాబాద్ చేరారు. 1714లో మాణిక్ చంద్ మరణించగా, ఆయన దత్తత తీసుకున్న మేనల్లుడు ఫతే చంద్ వ్యాపార పగ్గాలు చేపట్టారు. మొగల్ చక్రవర్తి మహమ్మద్ షా ఆయనకు జగత్ సేఠ్ అనే బిరుదునిచ్చారు. లోకానికే షావుకారు అని దాని అర్థం.

బెంగాల్‌లో వెండి గనులు లేవు. పట్టు, నూలు వస్త్రాల కొనుగోలుకు ఐరోపా కంపెనీలు ఓడల్లో వెండి తెచ్చేవి. అది చెల్లుబాటు కావాలంటే రూపాయిగా మారాలి. ముర్షిదాబాద్ టంకశాల ఫతే చంద్ గుప్పిట్లో ఉండడంతో కంపెనీలు చాలావరకు ఆయన నిర్ణయించిన ధరకే వెండిని అమ్మవలసి వచ్చేది.

కొత్తగా ముద్రించిన సిక్కా రూపాయి పూర్తి విలువకు చెల్లేది. ఏడాది గడిస్తే దానిపై వట్టం పడేది. మరికొంత కాలానికి అది సనౌత్ రూపాయిగా మారేది. ఈస్టిండియా కంపెనీ లెక్కల్లో 100 సిక్కా రూపాయలు 116 చలామణి రూపాయలకు సమానం కాగా, 100 సనౌత్‌లు 111కే సమానం. ఆ తేడాకు కారణం లోహం కాదు, నాణెంపై ఉన్న సంవత్సరం. మద్రాసు టంకశాల నుంచి వచ్చిన ఆర్కాటు రూపాయికీ వట్టం తప్పేది కాదు. షరాబులు పాత నాణేలను తక్కువకు కొని, కరిగించి, కొత్త ముద్రతో పూర్తి విలువకు చెలామణి చేసేవారు. పన్నును సిక్కాల లెక్కన చెల్లించవలసిన రైతుపైనే చివరికి ఆ భారం పడేది.

ధనబలం క్రమంగా రాజకీయ బలమైంది. 1740లో గిరియా యుద్ధంలో నవాబు సర్ఫరాజ్ ఖాన్‌ను ఓడించి అలీవర్ది ఖాన్ గద్దెనెక్కడం వెనుక ఫతే చంద్ మద్దతు ఉంది. 1744లో ఆయన కన్నుమూశారు.

వారసుడైన మనవడు మహతాబ్ రాయ్ కాలంలో పరిస్థితి మారింది. 1757 ఫిబ్రవరిలో అలీనగర్ సంధితో కలకత్తాలో సొంతంగా నాణేలు ముద్రించే హక్కు ఈస్టిండియా కంపెనీకి దక్కింది. అదే ఏడాది జూన్‌లో జరిగిన ప్లాసీ యుద్ధంలో సిరాజుద్దౌలాను కూలదోయడానికి మహతాబ్ రాయ్ ఆ కంపెనీకే అండగా నిలిచారు. 1763లో నవాబు మీర్ కాసిం ఆయనను చంపించారు. ఫతే చంద్ సంపదకు మూలం వెండి రాశులు కావు, వాటిపై పడే ముద్ర మీద ఆయనకున్న పట్టు. ఆ పట్టు కలకత్తాకు తరలిపోయాక సేఠ్‌ల కుటుంబం పూర్వవైభవాన్ని తిరిగి చూడలేదు.