కూలికి న్యాయం కోరిన రాష్ట్రపతి - వి.వి. గిరి గారు

మన సొసైటీ సభ్యుల్లో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. ఆటోనగర్‌లో సొంత షెడ్లు నడుపుకునే వారున్నారు. ఆ షెడ్లలోనే రోజుకూలికి పనిచేసే వారూ ఉన్నారు. యజమాని, మజ్దూరు యిద్దరూ మన మస్జిదులో ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తారు. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న మన ప్రవక్త (స) బోధ అందరికీ తెలిసిందే. తెలిసినంత మాత్రాన అమలు జరుగుతున్నదా అన్నది వేరే ప్రశ్న. అందుకే యీ సంవత్సరం సావనీరులో, పనివాని హక్కు కోసం పాటుపడి రాష్ట్రపతి పదవి దాకా వెళ్లిన తెలుగువారు వరాహగిరి వెంకటగిరి గారి జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పదలిచాము.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆ వూరు అప్పుడు మద్రాసు రాజధానిలో, యిప్పుడు ఒడిశాలో ఉన్నది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కుమారుణ్ణి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి పంపారు. ఆ దేశం కూడా అప్పుడు మనలాగే ఆంగ్లేయుల పాలనలో ఉండేది. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగినప్పుడు గిరి గారి మీద కూడా అనుమానం పడింది. దేశం వదిలి పొమ్మన్నారు. అట్లా తిరిగి వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. గాంధీజీ పిలుపు విని దాన్నీ వదిలేసి జైలుకు వెళ్లారు.

మన విజయవాడ నుంచి కలకత్తా వైపు పోయే రైలు మార్గం, ఆ రోజుల్లో వాల్తేరు దాటితే బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. బతుకుతెరువు కోసం వెళ్లిన తెలుగువారు అక్కడ చాలామంది. గిరి గారు ఆ కార్మికులను సంఘంగా కూడగట్టారు. 1927లో కంపెనీ పనివారిని తీసివేయ బూనినప్పుడు పెద్ద సమ్మె జరిగింది. గిరి గారు దాన్ని శాంతియుతంగా నడిపించారు. కంపెనీ కొంత దిగిరాక తప్పలేదు.

ఆ ఏడాదే ఆయన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభకు భారత కార్మికుల తరఫున వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఏర్పడిన సంస్థ అది. ప్రభుత్వాలు, యజమానులు, కార్మికులు ముగ్గురూ కలిసి కూర్చోవడం దాని ప్రత్యేకత. పనివానికి అన్యాయం జరిగినంత కాలం లోకానికి శాంతి లేదన్నది దాని మూలసూత్రం. గిరి గారి జీవితమంతా యీ సూత్రం మీదనే నడిచింది. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, తగవు కోర్టుకెక్కితే యిద్దరి మధ్య పగ మిగులుతుంది అనేవారు. 1937లో బొబ్బిలి రాజా గారిని ఎన్నికలో ఓడించి మద్రాసు మంత్రి అయినప్పుడూ, 1952లో నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయినప్పుడూ ఆయన మాట ఇదే.

అసలైన పరీక్ష 1954లో వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగవులో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ఆ తీర్పును ప్రభుత్వం కొంత తగ్గించి మార్చింది. గిరి గారికి తీర్పుల పద్ధతే అంతగా నచ్చదు. అయినా మధ్యవర్తి చెప్పిన తరువాత ఒక పక్షానికి నష్టం కలిగేలా కోత పెట్టడం న్యాయం కాదని మంత్రి పదవికి రాజీనామా యిచ్చి బయటికి వచ్చారు. పదవి కోసం మాట మార్చుకునే వారిని చూసి చూసి అలసిన మనకు యిది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర లేదు.

తరువాత మూడు రాష్ట్రాలకు గవర్నరుగా ఉండి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. అదే ఏడు మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ రాష్ట్రపతి అయ్యారు. బడిలో చదువుతో పాటు చేతిపని కూడా నేర్పాలన్న విద్యావేత్త ఆయన. ఒకరు పనిచేసే చేతికి గౌరవం కావాలన్నారు, మరొకరు ఆ చేతికి తగిన కూలి కావాలన్నారు. 1969 మే 3న జాకిర్ సాహెబ్ మరణించగా గిరి గారు ఆ బాధ్యత వహించారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడే ఎన్నికలో నిలబడేందుకు రాజీనామా యిచ్చారు. కొత్త రాష్ట్రపతి వచ్చే దాకా ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా సాహెబ్ ఆ స్థానంలో ఉన్నారు. ఆ ఎన్నికలో మరో తెలుగువారు నీలం సంజీవరెడ్డి గారి మీద గిరి గారు రెండవ ప్రాధాన్యత ఓట్లతో గట్టెక్కారు. 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

యిక మన సంగతి. మేము బడిలో చూస్తూనే ఉన్నాము. ఏడో తరగతి దాకా చక్కగా చదివిన పిల్లవాడు ఒకరోజు హాజరు పిలిస్తే పలకడు. ఆరా తీస్తే ఏదో షెడ్డులో చేరాడంటారు. కూలి ఎంత యిస్తున్నారని అడిగితే, పని నేర్పుతున్నాం కదా మాస్టారూ, అది చాలదా అంటారు. ఆ ఉస్తాదు పరాయివాడు కాదు, మనవాడే. పండుగకు బట్టలు కొనిపెడతాడు, జకాత్ తీస్తాడు. దానం వేరు, హక్కు వేరు. పనివానికి చెల్లించవలసింది ఆపుకొని దానం చేస్తే లెక్క సరిపోతుందా?

వ్యాపారం పెరగాలి, మన పిల్లలకు పనులు దొరకాలి. కాని పనివాణ్ణి నలిపి పెరిగిన వ్యాపారం ఎన్నాళ్లు నిలుస్తుంది? చేయి తిరిగిన పనివాడు ఒకనాడు వదిలిపోతాడు, బడి మానిన పిల్లవాడు జీవితాంతం చవక కూలీగానే మిగులుతాడు. కనుక మన సభ్యుల ముందు మూడు మాటలు పెడుతున్నాము. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవాలి. చెప్పిన రోజున చెల్లించాలి. బడి యీడు పిల్లవాణ్ణి పనిలో పెట్టుకోకూడదు. తగవు వస్తే మన సొసైటీ పెద్దలు యిద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడించాలి. గిరి గారు జీవితమంతా కోరింది అదే. ఆచరించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.