కరెంటు లేని ఝంగ్ నుంచి క్వార్కుల లోకానికి: అబ్దుస్ సలామ్ జీవితం

ఝంగ్ పంజాబ్‌లో ఒక చిన్న పట్నం. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. 1930లలో అక్కడి బడిలో ఒక మాస్టారు ప్రకృతిలోని బలాల గురించి పాఠం చెప్పాడు. భూమి ఆకర్షణ అందరికీ తెలిసిందే. అయస్కాంతం కూడా చూసిందే. విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి అది ఝంగ్‌లో ఉండదని, లాహోర్‌లో ఉంటుందని చెప్పాడు. ఇక అణువు నడిమధ్యలో ఉండే బలమైతే యూరప్‌లోనే ఉంటుంది, దానితో మనకు పనిలేదన్నాడు. ఆ క్లాసులో కూర్చున్న ఒక పిల్లవాడు పెద్దయ్యాక ఈ సంగతి ఎన్నో సభల్లో నవ్వుతూ చెప్పేవాడు. ఆ బలాల్లో రెండు నిజానికి ఒక్కటేనని చూపించి 1979లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నది ఆ పిల్లవాడే. ఆయన డాక్టర్ అబ్దుస్ సలామ్.

1926 జనవరి 29న పుట్టారు. తండ్రి చౌధరీ ముహమ్మద్ హుస్సేన్ విద్యాశాఖలో చిన్న ఉద్యోగి. ఇంట్లో డబ్బు తక్కువ, చదువు మీద పట్టుదల ఎక్కువ. 14 ఏళ్లకే మెట్రిక్ పరీక్షలో పంజాబ్ యూనివర్సిటీ చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ రానన్ని మార్కులు వచ్చాయి. సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, ఎండ వేళ దుకాణాలు మూసుకుని ఉండే హిందూ వ్యాపారులు బయట నిలబడి ఆ పిల్లవాడిని అభినందించారని చెబుతారు. ఊరు ఊరంతా అతన్ని తన బిడ్డే అనుకుంది.

లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో లెక్కల ప్రొఫెసర్ సర్వదమన్ చావ్లా. రామానుజన్ వదిలివెళ్లిన ఒక లెక్కను ఆయన క్లాసులో ఇచ్చారు. సలామ్ దాన్ని రామానుజన్ కంటే సులువైన దారిలో చేశారు. 1943లో అది పత్రికలో అచ్చయింది. అదే ఆయన మొదటి పరిశోధన వ్యాసం. అప్పటికి ఆయన వయసు 17.

కేంబ్రిడ్జి చదువు కూడా తఖ్దీర్‌లో రాసిపెట్టినట్టే దక్కింది. రెండో ప్రపంచ యుద్ధానికని పంజాబ్ ప్రభుత్వం పోగు చేసిన నిధిలో కొంత మిగిలింది. దానితో చిన్న రైతుల పిల్లలకు విదేశీ స్కాలర్‌షిప్పులు పెట్టారు. ఎంపికైన కొద్దిమందిలో సలామ్‌కు మాత్రం 1946లోనే సీటు దొరికింది. మిగతావాళ్లు మరుసటి ఏడాది వెళ్లాలి. ఆలోగా దేశ విభజన వచ్చింది, ఆ పథకమే ఆగిపోయింది. వెళ్లగలిగింది సలామ్ ఒక్కరే. సెయింట్ జాన్స్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ రెండింట్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు. పీహెచ్‌డీ పని పూర్తయ్యేసరికే ప్రపంచంలోని పెద్ద భౌతిక శాస్త్రవేత్తలకు ఆయన పేరు తెలిసిపోయింది.

అయినా 1951లో ఇంటికి తిరిగొచ్చారు. సొంత దేశంలోనే ఉండి పరిశోధన చేయాలని ఆయన కోరిక. లాహోర్‌లో ఉద్యోగం దొరికింది కానీ పరిశోధనకు దారి దొరకలేదు. కొత్త పత్రికలు రావు, మాట్లాడటానికి అదే రంగం మనిషి లేడు. కాలేజీ అదనపు డ్యూటీల్లో ఒకటి ఎంచుకోమంటే ఫుట్‌బాల్ టీం బాధ్యత తీసుకున్నారు. ఒకసారి ప్రసిద్ధ శాస్త్రవేత్త పౌలి బొంబాయి వచ్చారని తెలిసి కలవడానికి వెళ్లారు. సెలవు మంజూరు కాకుండా వెళ్లారని తిరిగొచ్చాక కాలేజీ సంజాయిషీ అడిగింది.

1953లో లాహోర్‌లో అల్లర్లు జరిగాయి. అవి అహ్మదీలకు వ్యతిరేకంగా జరిగినవి. సలామ్ కుటుంబం అహ్మదీ. ఖత్మె నుబువ్వత్ విషయంలో అహ్మదీల అకీదాను ముస్లిం ఉమ్మత్‌లో అత్యధికులు ఒప్పుకోరు. ఆ చర్చ ఉలమాలది. సలామ్ జీవితం మాత్రం ఆ అల్లర్లతో దారి మారింది. దేశంలో ఉంటే సైన్సు పోతుంది, సైన్సు కావాలంటే దేశం పోతుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పలేదు. 1954లో కేంబ్రిడ్జికి వెళ్లిపోయారు. 1957లో లండన్ ఇంపీరియల్ కాలేజీ ప్రొఫెసర్ అయ్యారు. 33 ఏళ్లకే రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఊరు వదిలిన ఆ బాధ మాత్రం ఆయన్ని వదల్లేదు. తర్వాత చేసిన పనుల్లో సగం దానికి జవాబే.

ఇంతకీ ఆయన సైన్సు ఏమిటి? దాని పేరు గేజ్ సిద్ధాంతం. గేజ్ అంటే కొలత. పాతకాలంలో ఒక్కో ఊరి బజారులో ఒక్కో తూకం ఉండేది. ఈ ఊరి సేరు, పక్క ఊరి సేరు ఒకటి కాదు. అయినా వ్యాపారం ఆగలేదు. ఇక్కడి సేరు అక్కడ ఎంతవుతుందో లెక్క కట్టి చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. ప్రకృతి కూడా ఇలాగే నడుస్తుందని గేజ్ సిద్ధాంతం చెబుతుంది. ఒక్కో చోట ఒక్కో కొలత పెట్టుకున్నా అసలు లెక్క తప్పకూడదు. అందుకు ఒక చోటి కొలతను పక్క చోటి కొలతలోకి మార్చేది ఒకటి కావాలి. మనం బలం అని పిలిచేది దాన్నే.

విద్యుత్తు, అయస్కాంతం ఒకే బలమని 19వ శతాబ్దంలోనే తేలింది. సూర్యుడు మండటానికి, కొన్ని పదార్థాలు రేడియేషన్ విడుస్తూ మారిపోవడానికి కారణమైనది ఇంకో బలం. దాన్ని బలహీన బలం అంటారు. ఈ రెండూ ఒకే గేజ్ సిద్ధాంతంలో ఇముడుతాయని సలామ్, అమెరికాలో స్టీవెన్ వైన్‌బర్గ్ ఎవరికి వారే కనుక్కున్నారు. అంతకు ముందు షెల్డన్ గ్లాషో ఇదే దారిలో కొంత దూరం నడిచారు. 1979 నోబెల్ ఈ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. వాళ్ల లెక్క ప్రకారం ఉండాల్సిన డబ్ల్యూ, జెడ్ కణాలు 1983లో జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో దొరికాయి. అవి ప్రోటాన్ కంటే సుమారు 86 రెట్లు, 97 రెట్లు బరువు.

సలామ్ అక్కడితో ఆగలేదు. ప్రోటాన్, న్యూట్రాన్‌ల లోపల క్వార్కులు ఉంటాయి. ఒక్కో క్వార్కు మూడు రకాలుగా ఉంటుంది. వాటికి శాస్త్రవేత్తలు సరదాగా రంగులని పేరు పెట్టారు. ఎలక్ట్రాన్ లాంటి తేలిక కణాలు నాలుగో రంగు ఎందుకు కాకూడదని సలామ్, ఒడిశాలో పుట్టిన శాస్త్రవేత్త జోగేశ్ పతి అడిగారు. అది నిజమైతే క్వార్కు ఎప్పుడో ఒకప్పుడు తేలిక కణంగా మారిపోవచ్చు. అంటే ప్రోటాన్ కూడా శాశ్వతం కాదు. లోకంలో ప్రతి వస్తువూ ఏదో ఒక రోజు కరిగిపోవాల్సిందే. వాళ్ల వ్యాసం 1974 జులైలో ఫిజికల్ రివ్యూ డి అనే పత్రికలో వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబర్ 7న పాకిస్తాన్ పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించింది. సలామ్ అప్పటిదాకా ఆ దేశాధినేతలకు సైన్సు సలహాదారు. పాకిస్తాన్ అంతరిక్ష సంస్థ మొదలవడంలో ఆయన చేయి ఉంది. ఆ సవరణ తర్వాత పదవికి రాజీనామా చేశారు. పాస్‌పోర్టు మాత్రం చివరిదాకా పాకిస్తాన్‌దే.

ఆ అక్టోబర్‌లో అదే పత్రికలో ఇంకో వ్యాసం వచ్చింది. రాసింది అమెరికన్ శాస్త్రవేత్త కెన్నెత్ విల్సన్. క్వార్కులను పట్టి ఉంచే బలం చాలా గట్టిది. విద్యుత్తుకు పనికొచ్చే మామూలు లెక్క దాని దగ్గర పనిచేయదు. విల్సన్ స్థలాన్ని, కాలాన్ని గ్రాఫ్ పేపర్‌లా గళ్లుగా విడగొట్టారు. గళ్లు కలిసే చుక్కల దగ్గర క్వార్కులు ఉంటాయి. చుక్కలను కలిపే గీతల మీద బలం ఉంటుంది. బజారు పోలికలో చెప్పాలంటే చుక్కలు దుకాణాలు, గీతలు తూకం మార్చే లెక్కలు. దీన్నే లాటిస్ పద్ధతి అంటారు. క్వార్కు ఒంటరిగా ఎందుకు బయటికి రాదో దీనితో అర్థం చేసుకునే దారి దొరికింది. ఇది కంప్యూటర్‌కు అప్పజెప్పగలిగిన లెక్క కూడా. గీతల మీద కోట్ల రకాలుగా విలువలు మార్చి చూసి సగటు తీస్తారు. తర్వాత గళ్లను చిన్నవి చేసుకుంటూ పోతారు. 1980 నాటికి అమెరికాలో మైకేల్ క్రూట్జ్ ఈ లెక్కలు కంప్యూటర్ మీద చేసి చూపించారు. 2008లో యూరప్ శాస్త్రవేత్తల బృందం ఈ పద్ధతితో ప్రోటాన్ బరువును లెక్కగట్టింది. కొలిచిన బరువుకు, లెక్కకు తేడా కొద్ది శాతమే.

సలామ్, పతి అడిగిన ప్రశ్నకూ ఈ గళ్ల లెక్కే కావాలి. ప్రోటాన్ ఎంత తరచుగా విచ్చిపోతుందో చెప్పాలంటే దాని లోపల క్వార్కులు ఎలా సర్దుకుని ఉన్నాయో తెలియాలి. ఆ అంకె లాటిస్ లెక్కల నుంచే వస్తుంది. ఇక ప్రయోగం సంగతి. మొదటి ప్రయోగాల్లో ఒకటి మన పక్కనే జరిగింది. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న కోలార్ బంగారు గనుల్లో, భూమికి 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ, జపాన్ ఒసాకా శాస్త్రవేత్తలు 1980లలో ఇనుప పలకల మధ్య కాపు కాశారు. ప్రోటాన్ విచ్చిపోయినట్టు కచ్చితమైన రుజువు అక్కడా దొరకలేదు, తర్వాత జపాన్‌లోని పెద్ద నీటి ట్యాంకులోనూ ఇప్పటిదాకా దొరకలేదు. ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలు పెడితే వచ్చేన్ని ఏళ్ల కంటే కూడా ఎక్కువని తేలింది. సలామ్ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

నోబెల్ వేడుకకు ఆయన సూటు వేసుకోలేదు. తలపాగా, షేర్వానీ, పంజాబీ జోళ్లతో వెళ్లారు. విందులో మాట్లాడుతూ సూరహ్ ముల్క్ ఆయతులు తిలావత్ చేశారు. అల్లాహ్ సృష్టిలో ఎక్కడా లోపం కనిపించదని, ఎంత చూసినా చూపు అలసి తిరిగొస్తుందని వాటి భావం. తన పరిశోధనకు బలం ఆ నమ్మకమేనని ఆయన అనేవారు.

బహుమతి వచ్చాక ఒక కోరిక మిగిలింది. లాహోర్‌లో లెక్కలు నేర్పిన అనిలేంద్ర గంగూలీ మాస్టారు విభజన తర్వాత కలకత్తా వచ్చేశారు. ఆయన్ని వెతికిపెట్టమని సలామ్ భారత ప్రభుత్వాన్ని కోరారు. 1981లో ఆ ఇంటికి వెళ్లేసరికి మాస్టారు ముసలితనంతో మంచం మీద ఉన్నారు. సలామ్ తన నోబెల్ పతకాన్ని ఆయన చేతుల్లో పెట్టి, ఇది మీదేనన్నారు.

సొంత దేశంలో మాత్రం పరిస్థితి వేరు. ప్రభుత్వం పెద్ద బిరుదు ఇచ్చింది. ఇస్లామాబాద్ యూనివర్సిటీలో ప్రసంగం మాత్రం విద్యార్థి సంఘాల బెదిరింపులతో ఆగిపోయింది. 1996 నవంబర్ 21న, నరాల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి, ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. పాకిస్తాన్‌లోని రబ్వాలో తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు. సమాధి రాయి మీద నోబెల్ పొందిన మొదటి ముస్లిం అని చెక్కారు. తర్వాత అధికారులు ముస్లిం అన్న ఒక్క మాటను సున్నంతో పూడ్చేశారు.

ఆయన కట్టిన ఇల్లు మాత్రం ఇటలీలో ఉంది. సముద్రం ఒడ్డున ట్రియెస్టె నగరంలో 1964లో ఆయన ప్రపంచ భౌతిక శాస్త్ర కేంద్రం మొదలుపెట్టారు. పెద్ద దేశాలు పేద దేశాలకు ఈ స్థాయి సైన్సు ఎందుకన్నాయి. ఆయన ఊరుకోలేదు, ఇటలీ ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1968లో వచ్చిన శాంతి కోసం అణువు బహుమతి డబ్బును పాకిస్తానీ యువ శాస్త్రవేత్తలు అక్కడికి రావడానికే ఇచ్చేశారు. ఆ కేంద్రంలో ఒక ఏర్పాటు ఉంది. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా ప్రొఫెసర్లు కొన్నేళ్ల పాటు వీలున్నప్పుడల్లా వచ్చి, కొన్ని వారాలో నెలలో పనిచేసుకుని, మళ్లీ తమ ఊళ్లకు వెళ్లవచ్చు. లాహోర్‌లో తనకు దొరకనిది ఇదే. దేశమా, సైన్సా అని ఇంకెవరూ ఎంచుకోవాల్సిన పని ఉండకూడదని ఆయన ఆ ఏర్పాటు పెట్టారు. 1997 నుంచి ఆ కేంద్రానికి ఆయన పేరే. మన దేశం నుంచి కూడా ఏటా శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్తున్నారు, పని ముగించుకుని ఇంటికి తిరిగొస్తున్నారు.